ఇనుము, నికెల్, వాటి ఇరుగుపొరుగు



డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరిట జరిగే సభల్లో మందుల ప్రస్తావనే ఎక్కువగా వస్తుంది. అది సహజం. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, బోదకాలుకు వాడే హెట్రజాన్, ఇవన్నీ ఆయన నడిపించిన లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చినవే. భీమవరంలో పుట్టిన మనిషి అమెరికాలో చేసిన పని తిరిగి గోదావరి జిల్లాల బోదకాలు రోగుల దగ్గరికి చేరిందంటే అది తలుచుకోదగ్గ సంగతే. అయినా ఈరోజు నేను మందుల జోలికి పోను. అంతకు ముందు, హార్వర్డ్‌లో, ముప్పై ఏళ్ల వయసులో ఆయన చేసిన పనితో మొదలుపెడతాను.

1925లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి రక్తంలోనూ కణజాలాల్లోనూ భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ప్రచురించారు. నమూనాలో అమ్మోనియం మాలిబ్డేట్ వేసి, దాన్ని క్షయకరిస్తే నీలం రంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. జీవరసాయనం చదివినవాళ్లలో ఆ నీలాన్ని చూడనివాళ్లు తక్కువ. అది మాలిబ్డినం అనే లోహపు రంగు. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో వాళ్లు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నారు. కండరం పనిచేస్తుంటే అది తరిగిపోతుంది, విశ్రాంతిలో మళ్లీ పెరుగుతుంది. 1929లో, కణాలకు శక్తి నాణెం లాంటి ఏటీపీని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. కండరపు శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని అప్పటిదాకా పాఠ్యపుస్తకాలు చెప్పిన సిద్ధాంతం దీనితో నిలబడలేకపోయింది.

జీవి తన శక్తిని ఏ రూపంలో దాచుకుంటుంది, ఏ పనికి ఎంత ఖర్చు పెడుతుంది? సుబ్బారావు గారి తొలి ప్రశ్న ఇదీ. నా ప్రశ్నా అదే. కాకపోతే ఆయన కండరాన్ని అడిగారు, నేను బాక్టీరియాలను అడుగుతాను. ఆ జవాబుతో రేపటి హైడ్రోజన్ కర్మాగారాలకు ఏం ఒరుగుతుందో కూడా చూద్దాం.

ఆయన జీవితంలోనే లోహానికి సంబంధించిన ఇంకో ముడి ఉంది. రక్తహీనతను నయం చేసే పదార్థం కోసం ఆయన ఏళ్ల తరబడి కాలేయపు సారాన్ని వడగట్టారు. ఆ వెదుకులాటలో ఒక దారి ఫోలిక్ ఆమ్లానికి చేర్చింది. పెర్నీషియస్ ఎనీమియాను పూర్తిగా కుదిర్చే పదార్థం మాత్రం వేరే. ఆయన కన్నుమూసిన 1948లోనే అది ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఎర్రటి స్ఫటికాలుగా దొరికింది. దాన్నే బి12 విటమిన్ అంటున్నాం. 1950ల మధ్యలో డొరొతీ హాడ్జ్‌కిన్ దాని నిర్మాణం తేల్చినప్పుడు అణువు నడుమ ఒకే ఒక్క కోబాల్ట్ పరమాణువు కూర్చుని కనిపించింది. సుబ్బారావు గారు దాని నిర్మాణం చూడకుండానే వెళ్లిపోయారు. నాకది బాధగానే ఉంటుంది.

ఇక విషయానికి వస్తాను. రసాయనశాస్త్రంలో ఇంతకన్నా చిన్న చర్య ఉండదేమో: రెండు ప్రోటాన్లు, రెండు ఎలక్ట్రాన్లు కలిస్తే ఒక హైడ్రోజన్ అణువు. వెనక్కి నడిపితే హైడ్రోజన్ నుంచి కరెంటు. కాగితం మీద ఇంత తేలికైన చర్య ఎలక్ట్రోడ్ మీద సులువుగా జరగదు. ఇనుప ముక్క మీద నీటి నుంచి హైడ్రోజన్ రాబట్టాలంటే సూత్రం చెప్పే వోల్టేజి చాలదు, అదనంగా ఇవ్వాలి. ఆ అదనమంతా వేడిగా పోతుంది. ప్లాటినం మీద అదనం దాదాపు అక్కర్లేదు. అందుకే ఇంధన ఘటాల్లో, కరెంటుతో నీటిని విడగొట్టే పొర రకం ఎలక్ట్రొలైజర్లలో హైడ్రోజన్ వైపు ప్లాటినం పూస్తారు. ఆక్సిజన్ వైపు ఇరిడియం కావాలి. ప్రపంచమంతా కలిపి ఏడాదికి తవ్వితీసే ఇరిడియం ఏడెనిమిది టన్నులకు మించదు. ఈ లోహాలు ఎక్కువగా దక్షిణాఫ్రికా గనుల నుంచే రావాలి. నికెల్‌తో నడిచే క్షార ఎలక్ట్రొలైజర్లు పాతకాలం నుంచీ ఉన్నాయి, చవకే. కానీ ఎండతోపాటు పెరిగి తరిగే సౌరవిద్యుత్తుతో అవి పొర రకమంత చురుగ్గా సర్దుకోలేవు.

ఈ లెక్క మనకు దూరపుది కాదు. జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో ఆమోదించింది. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు లక్ష్యం. అనకాపల్లి జిల్లా పూడిమడకలో హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. అది పూర్తయితే రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తయారుచేయాలన్నది ప్రణాళిక. నీటి నుంచి ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి సూత్రం ప్రకారం 39 యూనిట్ల విద్యుత్తు చాలు, నిజానికి 50 యూనిట్లకు పైగానే అవుతోంది. కిలోకు 5 యూనిట్లు మిగిల్చే ఉత్ప్రేరకం దొరికిందనుకోండి, పూడిమడక ఒక్కచోటే రోజుకు 75 లక్షల యూనిట్లు మిగులుతాయి. ఆ అదనపు వోల్టేజిలోని మిల్లీవోల్టుల గురించి నేను ఇంత పట్టుదలగా మాట్లాడటానికి కారణం ఇదీ.

ప్లాటినం లేకుండా ఈ పని చేసేవాళ్లు భూమి మీద ఎప్పటినుంచో ఉన్నారు. 1931లో కేంబ్రిడ్జ్‌లో మార్జొరీ స్టీవెన్సన్, లెనర్డ్ స్టిక్‌లాండ్ బాక్టీరియాల్లో హైడ్రోజన్ వాయువును వాడుకునే ఎంజైమును గుర్తించి, దానికి హైడ్రోజినేజ్ అని పేరు పెట్టారు. రాయల్ సొసైటీ 1945లో తొలిసారిగా ఇద్దరు మహిళలను సభ్యులుగా ఎన్నుకుంది. వారిలో స్టీవెన్సన్ ఒకరు. ఈ ఎంజైము ఎక్కడో అరుదుగా ఉండేదీ కాదు. గోబర్ గ్యాస్ ప్లాంటులో పేడను కుళ్లబెట్టే బాక్టీరియాలు హైడ్రోజన్ వదులుతాయి. మీథేన్ చేసే సూక్ష్మజీవులు నికెల్ ఉన్న హైడ్రోజినేజ్‌తో దాన్ని అందుకుంటాయి. వంటగదిలో నీలి మంట వెలిగేలోపు హైడ్రోజన్ ఇలా ఎన్నో చేతులు మారుతుంది.

హైడ్రోజినేజ్‌లో ఏ లోహం ఉందో తెలియడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. ముందు ఇంకో ఎంజైము కథ. ఎంజైముల్లో మొట్టమొదట స్ఫటికంగా దొరికింది యూరియేజ్. 1926లో జేమ్స్ సమ్నర్ దాన్ని స్ఫటికీకరించాడు. మన రైతు చల్లే యూరియాను నేలలో అమ్మోనియాగా విడగొట్టేది ఇదే. అందులో నికెల్ ఉందని తేలింది 1975లో! యాభై ఏళ్లపాటు స్ఫటికాలు చేతిలో ఉన్నా లోహం కంటపడలేదు. జీవులకు నికెల్‌తో పనే లేదని అందరూ నమ్మారు కాబట్టి ఎవరూ వెదకలేదు. హైడ్రోజినేజ్‌లో నికెల్ ఉందన్న సంగతి 1980ల మొదట్లో ఖాయమైంది. అంటే దాన్ని కనుగొన్న అర్ధశతాబ్దానికి.

1995లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో హువాన్ ఫోంటెసియా-కాంప్స్ బృందం ఎక్స్-రేలతో ఆ ఎంజైము నిర్మాణాన్ని చూసింది. ఆశ్చర్యం అక్కడే మొదలైంది. నికెల్ పక్కన ఇంకో లోహం ఉంది. అది ఇనుమని తేలింది. ఆ ఇనుముకు అతుక్కుని మూడు చిన్న అణువులున్నాయి. అవేమిటో ఎక్స్-రే చెప్పలేకపోయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో సైమన్ ఆల్‌బ్రాక్ట్ బృందం పరారుణ కిరణాలతో జవాబు చెప్పింది: రెండు సైనైడ్లు, ఒక కార్బన్ మోనాక్సైడ్. వినడానికే ఒళ్లు జలదరిస్తుంది. మనిషిని చంపే రెండు విషాలను ఒక జీవి తన చేత్తో తయారుచేసుకుని, జాగ్రత్తగా ఇనుముకు తగిలించి, ఎంజైము గర్భంలో పెట్టుకుంది. 1998లో నిర్మాణం బయటపడిన రెండో రకం హైడ్రోజినేజ్‌లో నికెల్ కూడా లేదు. రెండు ఇనుప పరమాణువులు, వాటిని కలిపే గంధకం, చుట్టూ మళ్లీ ఆ విషాలే. ఈ రకం ఎంజైము ఒక్క అణువు సెకనుకు వేల హైడ్రోజన్ అణువులను తయారుచేస్తుంది. విషాలు ఎందుకు కావలసి వచ్చాయి? మామూలు ఇనుము తుప్పు పట్టే స్వభావంతో ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్, సైనైడ్ దాన్ని గట్టిగా పట్టుకుని ప్లాటినం జాతి లోహాల నడవడికకు దగ్గరగా తీసుకొస్తాయి. లోహం అదే. దాని ఇరుగుపొరుగు మారింది, దాంతో నడవడి మారింది.

ఇక్కడ నేను ఎంతో గౌరవించే రసాయనవేత్త ఒకరిని పరిచయం చేయాలి. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు ఫ్రేజర్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన పద్ధతి చూస్తే నాకు ఫిస్కే-సుబ్బారావు నీలమే గుర్తొస్తుంది. రెండింటిలోనూ ముందు ఒక నమ్మకమైన కొలత చేతికి వచ్చింది, ప్రశ్నలు ఆ తర్వాత తెరుచుకున్నాయి. గ్రాఫైట్ కడ్డీని పొరల అంచులు పైకి వచ్చేలా కోసి, గరుకు చేసి, దాని మీద ఎంజైము ద్రావణం ఒక చుక్క వేస్తారు. అణువులు ఒక్క పొరగా అంటుకుంటాయి. ఎంజైము లోపల ఇనుము-గంధకపు గుంపులు వరుసగా మెట్లలా ఉంటాయి. వాటి మీదుగా ఎలక్ట్రాన్లు గ్రాఫైట్ నుంచి నేరుగా లోపలి లోహం దాకా వెళ్తాయి. కడ్డీని గిరగిరా తిప్పుతూ వోల్టేజిని పైకీ కిందికీ జరుపుతూ కరెంటు కొలుస్తారు. ఆ కరెంటే ఎంజైము వేగం. ఎంజైమును పరీక్షనాళికలో రంగుమందుతో కలిపి చర్య ముగిసేదాకా కాచుకోనక్కర్లేదు. అది పనిచేస్తుండగానే వేళ్లతో వోల్టేజి తిప్పుతూ చూడొచ్చు.

అలా గీసిన గీతలో ఒక విశేషం ఉంది. సమతుల్య వోల్టేజికి ఇటు పక్క హైడ్రోజన్ కరెంటుగా మారుతుంటుంది, అటు పక్క కరెంటు హైడ్రోజన్‌గా మారుతుంటుంది. గీత ఆ బిందువును ఎక్కడా తటపటాయించకుండా నేరుగా దాటుతుంది. అదనపు వోల్టేజి దాదాపు సున్న. ప్లాటినం గీత తప్ప మనకు తెలిసిన ఏ గీతా అంత నిటారుగా దాటదు. 2002లో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్‌బ్రాక్ట్ ఇద్దరూ ప్లాటినాన్ని, నికెల్-ఇనుము హైడ్రోజినేజ్‌ను పక్కపక్కన పెట్టి కొలిచారు. హైడ్రోజన్‌ను ఆక్సీకరించడంలో ఎంజైము ప్లాటినానికి తీసిపోలేదు. పరమాణువుకు పరమాణువు లెక్కన, అరుదైన లోహం చేసే పనిని ఇనుము, నికెల్ చేసి చూపాయి. ఈ ఒక్క కొలత ఆ తర్వాతి ఇరవై ఏళ్ల రసాయనశాస్త్రాన్ని నడిపించింది.

దీనికి బలహీనత ఉంది, దాచను. చాలా హైడ్రోజినేజ్‌లకు ఆక్సిజన్ తగిలితే పని ఆగిపోతుంది. కానీ అన్నింటికీ కాదు. నేలలో, గాలి ఆడేచోట బతికే రాల్‌స్టోనియా అనే బాక్టీరియా హైడ్రోజినేజ్ ఆక్సిజన్ ఉన్నా పనిచేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ ప్లాటినాన్ని విషం పెట్టినట్టు ఆపేస్తుంది, దీన్ని ఆపలేదు. 2006లో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం ఒక గ్రాఫైట్ పట్టీ మీద ఈ ఎంజైమును, ఇంకో పట్టీ మీద రాగి ఉన్న లాక్కేజ్ అనే బూజు ఎంజైమును పూసింది. మధ్యలో ఏ పొరా లేదు. 3 శాతం హైడ్రోజన్ కలిసిన మామూలు గాలిలో పెడితే చేతిగడియారం నడిచింది. 3 శాతమంటే నిప్పు పెట్టినా అంటుకోని మిశ్రమం. ప్లాటినంతో ఇలా చేయలేం. అది హైడ్రోజన్‌నూ ఆక్సిజన్‌నూ ఒకేచోట కలిపేస్తుంది, కరెంటు బయటికి రానివ్వదు. ఎంజైము అయితే తనకు కావలసిందేదో ఎరుగును.

ఆక్సిజన్‌ను ఎలా తట్టుకుంటోంది? 2011లో జర్మనీ, జపాన్ బృందాలు వేర్వేరుగా చూపించాయి. పనిచేసే లోహాల జంటకు అతి దగ్గరలో ఉన్న ఇనుము-గంధకపు గుంపు మామూలుగా నాలుగు ఇనుములు, నాలుగు గంధకాలతో ఉండాలి. ఇక్కడ గంధకాలు మూడే. దాన్ని పట్టుకునే సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు నాలుగు కాక ఆరు. ఈ వింత గుంపు ఒకటికి బదులు రెండు ఎలక్ట్రాన్లు ఇవ్వగలదు. ఆక్సిజన్ లోపలికి వస్తే చకచకా ఎలక్ట్రాన్లు అందించి దాన్ని నీళ్లుగా మార్చి పంపేస్తుంది. తాళం బిగుసుకునేలోపే విప్పేసినట్టన్నమాట. ఇక్కడా కాపాడింది పనిచేసే లోహం కాదు, పొరుగువాడు.

ఇదంతా చూశాక రసాయనవేత్తలు చేతులు కట్టుకుని కూర్చోరు. ఎంజైము అంత పెద్ద ప్రోటీన్, పెంచాలి, శుద్ధి చేయాలి, పాడవుతుంది. నడుమ ఉన్న లోహపు ముక్కను ఒక్కటే సీసాలో తయారుచేసుకుంటే పోలా? 1999లో టెక్సస్‌లో మార్సెటా డారెన్స్‌బర్గ్, ఇల్లినాయ్‌లో థామస్ రాచ్‌ఫస్, ఇంగ్లండులో క్రిస్ పికెట్ దాదాపు ఒకేసారి ఆ పోలికలో అణువులను చేశారు. రెండు ఇనుములు, రెండు గంధకాలు, చుట్టూ కార్బన్ మోనాక్సైడ్, సైనైడ్. నాకు నచ్చిన సంగతేమిటంటే, ఈ కుటుంబపు తొలి అణువును ఎంజైము ప్రసక్తే లేకుండా 1929లో హాన్స్ రైహ్లెన్ జర్మనీలో తయారుచేశాడు. ఏటీపీ బయటపడిన సంవత్సరమే. డెబ్బై ఏళ్లు అది ఒక పత్రికలో ఎవరికీ పనికిరాని కుతూహలంగా పడి ఉంది.

కొత్త అణువులు ఎంజైము నడిమి భాగానికి నకలులా ఉన్నాయి. పనిలో మాత్రం పోలిక లేదు. నెమ్మదిగా నడుస్తాయి, వోల్టేజి ఎక్కువ అడుగుతాయి, త్వరగా విరిగిపోతాయి. కొందరు నిరాశపడ్డారు. నా దృష్టిలో ఈ వైఫల్యం నేర్పింది ఎక్కువ. లోహాన్ని నకలు చేశారు, ఇరుగుపొరుగును వదిలేశారు.

అమెరికాలో డేనియల్ డుబాయ్ ఎదురుదారి పట్టాడు. ఎంజైము రూపాన్ని పక్కనబెట్టి, అది చేసే ఒక్క పనిని తీసుకున్నాడు. రెండు ఇనుముల రకంలో లోహానికి కాస్త ఎడంగా ఒక నత్రజని పరమాణువు ఉంటుంది. లోహానికి అంటుకోదు, ఊరికే పక్కన నిలబడి ప్రోటాన్లను తెచ్చి ఇవ్వడం, తీసుకుపోవడం చేస్తుంది. డుబాయ్ నికెల్ చుట్టూ ఫాస్ఫీన్లు పెట్టి, సరిగ్గా అంత ఎడంలో నత్రజనులు వేలాడేలా అణువు కట్టాడు. 2011లో పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాలలో ఈ కుటుంబపు ఒక నికెల్ అణువు సెకనుకు లక్షకు పైగా హైడ్రోజన్ అణువులను వదిలింది. ఎంజైము కన్నా వేగం! పత్రికలు ఇదే రాశాయి. కానీ ఆ వేగానికి 600 మిల్లీవోల్టులకు పైగా అదనపు వోల్టేజి కావలసి వచ్చింది. పూడిమడక లెక్కలో చూస్తే అది భారీ నష్టం. వేగం ఒక్కటే చెప్పి వోల్టేజి చెప్పని ఫలితాన్ని నేను సగం ఫలితంగానే తీసుకుంటాను. మీరూ అలాగే తీసుకోండి. అదే ప్రయోగశాలలో వెండీ షా బృందం ఆ నత్రజనుల బయటివైపు ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లాన్ని తగిలించింది. అంటే పొరుగుకు పొరుగును కట్టింది. దాంతో అణువు ఎంజైములా రెండు దిక్కులా నడవడం మొదలుపెట్టింది.

లోహం నడవడిని ఇరుగుపొరుగే నిర్ణయిస్తుందన్న ఈ వాదానికి అన్నింటికన్నా పెద్ద సాక్ష్యం 2013లో ఫ్రాన్స్, జర్మనీ శాస్త్రవేత్తలు ఇచ్చారు. ఒక పచ్చ నాచు హైడ్రోజినేజ్ ప్రోటీన్‌ను బాక్టీరియాలో పెంచారు. పనిచేసే రెండు ఇనుముల గుంపు లేని, ఖాళీ ప్రోటీన్ అది. సీసాలో రసాయనికంగా చేసిన, నత్రజని వంతెన ఉన్న రెండు-ఇనుముల అణువును అందులో కలిపారు. ఆ అణువు దానంతటది సీసాలో పెద్దగా ఏమీ చేయలేనిది. ప్రోటీన్ లోపల తన చోటు వెతుక్కుని కూర్చుంది, అక్కర్లేని కార్బన్ మోనాక్సైడ్ ఒకటి వదులుకుంది, ప్రకృతిలోని ఎంజైముతో సమానంగా పనిచేయడం మొదలుపెట్టింది. నత్రజని బదులు కార్బన్ వంతెన ఉన్న అణువును పెడితే చోటులో కూర్చుంది గానీ పని దాదాపు చేయలేదు. ఒక్క పరమాణువు తేడా! మన విశ్వవిద్యాలయాల్లో ఇనార్గానిక్ రసాయనం చదివే ప్రతి విద్యార్థికీ ఈ ప్రయోగం చెప్పాలని నా కోరిక.

ఇక నత్రజని సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే సుబ్బారావు గారు అక్కడ నేరుగా వచ్చి నిలబడతారు. రాయలసీమలో వేరుశనగ మొక్కను పీకి వేరు మీది బుడిపెను కోస్తే లోపల గులాబీ ఎరుపు కనిపిస్తుంది. అది మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం. ఇనుము ఉన్న ప్రోటీన్. లోపలి బాక్టీరియాలకు ఆక్సిజన్ మితంగా అందేలా చూస్తుంది. ఆ బాక్టీరియాల్లో నైట్రోజినేజ్ ఉంది. దాని నడుమ ఏడు ఇనుములు, తొమ్మిది గంధకాలు, ఒక మాలిబ్డినం కలిసిన గుంపు. 1992లో డగ్లస్ రీస్ బృందం దాని ఆకారం చూసినప్పుడు నడుమ ఖాళీ అనుకున్నారు. 2002లో అక్కడేదో తేలిక పరమాణువు ఉందని తెలిసింది. అది కార్బన్ అని తేలడానికి 2011 దాకా ఆగాల్సి వచ్చింది.

హేబర్-బాష్ కర్మాగారంలో 400 డిగ్రీలు దాటిన వేడి, వంద వాతావరణాలు మించిన పీడనం పెట్టి చేసే అమ్మోనియాను ఈ ఎంజైము నేల వేడిమిలో చేస్తుంది. కానీ ప్రకృతి దీన్ని ఉచితంగా చేస్తోందని మాత్రం ఎవరూ అనకండి. ఒక్క నత్రజని అణువును అమ్మోనియాగా మార్చడానికి కనీసం 16 ఏటీపీ అణువులు ఖర్చవుతాయి. అంతేకాక ప్రతిసారీ ఒక హైడ్రోజన్ అణువు చేజారిపోతుంది. ఆ వృథాను అరికట్టడానికి, ఈ బుడిపెల్లో బతికే రైజోబియా బాక్టీరియాల్లో కొన్ని హైడ్రోజినేజ్‌ను పెట్టుకున్నాయి. జారిన హైడ్రోజన్‌ను పట్టి మళ్లీ శక్తిగా మార్చుకుంటాయి. ప్రయోగశాలలో నైట్రోజినేజ్‌ను నడపాలంటే ఏటీపీ పోస్తూనే ఉండాలి. ఏటీపీ ఖర్చయ్యాక మిగిలే ఏడీపీ పేరుకుంటే ఎంజైము మొరాయిస్తుంది. అందుకని దాన్ని వెంటనే తిరిగి ఏటీపీగా మార్చేందుకు పరీక్షనాళికలో ఒక పదార్థం కలుపుతారు. ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్. కండరం నుంచి 1927లో బయటికొచ్చిన అణువే ఈరోజు ప్రపంచంలో ఎన్నో నైట్రోజినేజ్ ప్రయోగశాలల్లో ఎంజైముకు ఊపిరి పోస్తోంది.

నీటిని విడగొట్టడంలో రెండో సగం, ఆక్సిజన్ వైపు, ఇంకా కష్టం. ఒక్క ఆక్సిజన్ అణువుకు నాలుగు ఎలక్ట్రాన్లు లాగాలి. ప్రతి పచ్చని ఆకులో దీన్ని నాలుగు మాంగనీసులు, ఒక కాల్షియం, అయిదు ఆక్సిజన్ల గుంపు చేస్తుంది. 2011లో జపాన్‌లో జియన్-రెన్ షెన్, నొబువో కమియా దాన్ని పరమాణువు పరమాణువుగా చూపించారు. ఇరిడియం లేదు, మాంగనీసే. కానీ ఆ గుంపును పట్టుకున్న ప్రోటీన్ ఎండలో అరగంటకోసారి దెబ్బతింటుంది. ఆకు దాన్ని విప్పి మార్చి కొత్తది పెట్టుకుంటూ ఉంటుంది. మన ఎలక్ట్రోడుకు ఆ సౌకర్యం లేదు. ఏళ్లతరబడి అలా ఉండిపోవాలి. ఈ రంగంలో నాకు కనిపించే అసలు చిక్కు వేగం కాదు, మన్నిక.

ఇంకో చిక్కు పరిమాణం. ఒక హైడ్రోజినేజ్ అణువు ఆక్రమించే చోటులో వందల ప్లాటినం పరమాణువులు పడతాయి. పరమాణువుకు పరమాణువు సమానమే కావచ్చు, చదరపు సెంటీమీటరుకు కరెంటు లెక్కిస్తే ఎంజైము వెనకబడుతుంది. కాబట్టి పూడిమడకలో బాక్టీరియా ఎంజైములు పూసిన ఎలక్ట్రోడులు వస్తాయని నేను మీకు ఆశ చూపించను. రావు. వచ్చేది వాటి నుంచి నేర్చుకున్న అమరిక. గ్రెనోబుల్‌లో విన్సెంట్ ఆర్టెరో, మార్క్ ఫోంటెకేవ్ బృందం 2009లోనే డుబాయ్ నికెల్ అణువును కార్బన్ నానోగొట్టాల మీద అతికించి, ప్లాటినం లేని ఎలక్ట్రోడుగా నడిపి చూపింది. అక్కడ మొదలైన దారి ఇంకా సాగుతోంది.

మన్నిక మీద ఆశ కలిగించే వార్త 2023లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. నేలలోని ఒక మైకోబాక్టీరియం గాలిలోని హైడ్రోజన్‌నే తిని బతుకుతుంది. గాలిలో హైడ్రోజన్ పది లక్షల పాళ్లలో అర పాలు మాత్రమే. దాని చుట్టూ అయిదో వంతు ఆక్సిజన్. ఆ సముద్రంలోంచి ఆ బిందువును ఏరుకునే హక్ అనే ఎంజైమును వాళ్లు వేరుచేసి నిర్మాణం చూశారు. దానికి ఆక్సిజన్ అంటే లెక్కే లేదు. లోపలి లోహాల దాకా వెళ్లే దారులు ఎంత ఇరుకంటే, హైడ్రోజన్ దూరుతుంది, ఆక్సిజన్ దూరలేదు. రాల్‌స్టోనియా వచ్చిన ఆక్సిజన్‌ను నీళ్లు చేసి పంపుతుంది. ఇది అసలు గుమ్మంలోకే రానివ్వదు.

ఈ సభ అధ్యక్షులను ఒకటి అడుగుతాను. ఎమ్మెస్సీ ఇనార్గానిక్ ప్రయోగాల జాబితాలో పాత కాపర్ కాంప్లెక్సుల పక్కన రైహ్లెన్ 1929 నాటి ఇనుము-గంధకపు అణువును చేర్పించండి. ఇనుము కార్బొనైల్, ఒక థయోల్, ఒక ద్రావణి, ఇంతే. కార్బొనైళ్లు విషపూరితం కాబట్టి ఫ్యూమ్ హుడ్ ఖచ్చితంగా ఉండాలి. అలా చేసిన అణువు మీద బలహీన ఆమ్లంలో వోల్టేజి తిప్పి గీత గీయించండి. ప్లాటినం తీగతోనూ అదే గీత గీయించండి. ఒకే కాగితం మీద రెండు గీతలు పెట్టి, వాటి మధ్య ఎన్ని మిల్లీవోల్టుల తేడా వచ్చిందో విద్యార్థుల చేతే కొలిపించండి. ఆ తేడాను తగ్గించడానికి ఇనుము పక్కన ఏం పెట్టి చూస్తారో తర్వాతి వారం వాళ్లనే చెప్పమనండి.